ఫైలులో నిజం రాసే చేయి: పార్టీలకు అతీతమైన ప్రభుత్వ సేవపై ఒక సమీక్ష

నాన్నగారు పోయిన తరువాత అమ్మకు రావలసిన కుటుంబ పింఛను, కాగితాల్లో ఆమె పేరులో ఒక అక్షరం తప్పుగా పడినందువల్ల చాలా నెలలు ఆగిపోయింది. మొదటిసారి నేను ఆ కార్యాలయానికి వెళ్లినప్పుడు సీటులో ఉన్న అధికారి అర్జీని చదవకుండానే పక్కన పెట్టి, అధికార పక్షంలో తెలిసినవారెవరైనా ఉంటే ఒక సిఫారసు ఉత్తరం తెమ్మని, అప్పుడు ఫైలు త్వరగా కదులుతుందని చెప్పారు. నేను ఉత్తరం తేలేదు, ఫైలు కదలలేదు. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయి, అదే సీటులోకి ఒక అధికారిణి వచ్చారు. ఆమె కాగితాలన్నీ వరుసగా చదివి, పేరు సవరణకు ఎవరి ఉత్తరమూ అక్కర్లేదని, పాఠశాల రికార్డు నకలు, ఒక ప్రమాణపత్రం చాలునని చెప్పి, నేను కూర్చుని ఉండగానే నోట్ రాసి పై అధికారికి పంపారు. అదే అర్జీలో నేను ఆగిన నెలలకు వడ్డీ కూడా అడిగాను. వడ్డీ మంజూరు చేసే అధికారం తన స్థాయిలో లేదని నిబంధన సంఖ్యతో సహా రాసి ఆమె దానిని తిరస్కరించారు. ఎవరికి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో కూడా ఆ కాగితం మీదే రాసి ఇచ్చారు.

గది మారలేదు, నిబంధనలు మారలేదు, నా అర్జీ మారలేదు. మొదటి అధికారి కళ్లకు నేను ఒక పార్టీకి కావలసినవాడినో కానివాడినో అయి ఉండాలి. రెండో అధికారికి నేను అర్జీదారుణ్ని, అంతే. అడిగిన రెండింటిలో ఒకటే దక్కినా, కారణం రాసి ఇచ్చిన ఆ తిరస్కరణను నేను ఇప్పటికీ భద్రంగా దాచుకున్నాను. అయితే మంచి అధికారి దొరకడం మన అదృష్టం మీద ఆధారపడితే దాన్ని సేవ అనలేం. రెండో అధికారిణి లాంటివారే ప్రతి సీటులోనూ ఉండేలా చూడడానికి మానవ సమాజాలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ప్రతిభను బట్టి నియమితమై, ఏ పార్టీ గెలిచినా అదే నిజాయితీతో పనిచేసే ఆ ఉద్యోగ వ్యవస్థ గురించే ఈ సమీక్ష.

ఈ సేవ ఇచ్చే హామీ చెప్పుకోవడానికి చిన్నదే. ఎన్నికల్లో గెలిచినవారు ఏ దారిన వెళ్లాలో నిర్ణయిస్తారు. ఆ దారిలో గోతులు ఎక్కడున్నాయో ఉద్యోగి ముందుగా, దాపరికం లేకుండా చెబుతాడు. విన్న తరువాత కూడా అదే దారి అన్నారంటే, అది చట్టానికి లోబడి ఉన్నంతవరకు, తన సొంత ఆలోచన అన్నంత శ్రద్ధగా దానిని అమలు చేస్తాడు. రేపు ప్రభుత్వం మారితే కొత్తవారికీ ఇంతే చేస్తాడు. కిటికీ ముందు నిలబడ్డ పౌరుడు ఎవరికి ఓటు వేశాడో అతనికి తెలియదు, తెలిసినా పట్టదు. వినడానికి సులువుగా ఉన్న ఈ హామీలో రెండు బరువైన పనులు కలిసి ఉన్నాయి. కాదని చెప్పగల ధైర్యం ఒకటి, కాదన్న పనినే మనసు పెట్టి చేయగల సంయమనం మరొకటి. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఎవరూ ఎన్నుకోని అధికారులే పాలకులవుతారు. రెండోది ఉండి మొదటిది లేకపోతే కార్యాలయం నిండా తల ఊపేవారే మిగులుతారు.

ఈ రెండూ నిజంగా ఉన్నాయో లేదో చూడాలంటే ఎక్కడ చూడాలి? నా మటుకు నేను నోట్‌ఫైల్ చూస్తాను. ఫైలు అనేది రెండు భాగాలు. ఒకదానిలో వచ్చిన అర్జీలు, ఉత్తరాలు, వెళ్లిన జవాబుల నకళ్లు ఉంటాయి. రెండో భాగమైన నోట్‌ఫైల్‌లో వాటిమీద సెక్షన్ గుమస్తా మొదలు శాఖ కార్యదర్శి దాకా ఒకరి కింద ఒకరు రాసుకుంటూ వెళ్లిన అభిప్రాయాలు ఉంటాయి: జరిగిన సంగతి ఏమిటి, వర్తించే నిబంధన ఏది, ఇటువంటి విషయంలో గతంలో ఏం చేశారు, ఇప్పుడు ఏం చేయవచ్చు. పై అధికారి ఒప్పుకోవచ్చు, విభేదించవచ్చు. మంత్రి అందరినీ కాదని వేరే నిర్ణయం తీసుకోవచ్చు. కానీ కింద రాసినదాన్ని ఎవరూ చెరిపివేయడానికి వీల్లేదు. సంతకంతో, తేదీతో అది అక్కడే ఉంటుంది. ఏళ్ల తరువాత ఆడిట్ వారో, న్యాయస్థానమో, సమాచార హక్కు కింద నకలు అడిగిన పౌరుడో ఆ పేజీ తిప్పినప్పుడు, ఎవరు హెచ్చరించారో, ఎవరు విని ఊరుకున్నారో అక్కడ కనబడుతుంది. ఈ సేవ గుండె చప్పుడు వినాలంటే చెవి పెట్టవలసిన చోటు అదే.

భారత రాజ్యాంగ సభలో 1949 అక్టోబరు 10న ఉద్యోగుల రక్షణల గురించి చర్చ జరిగినప్పుడు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ ఆ రక్షణలను సమర్థించిన పద్ధతి నాకు ఎంతో ఇష్టం. నా కార్యదర్శి నా అభిప్రాయానికి విరుద్ధంగా నోట్ రాయగలడు, ఆ స్వేచ్ఛ నేనే ఇచ్చాను, మంత్రికి కోపం వస్తుందన్న భయంతో నిజాయితీగా అభిప్రాయం చెప్పలేనివాడు నాకు అక్కర్లేదు, మరొకరిని తెచ్చుకుంటాను అన్న భావం ఆయన మాటల్లో ఉంది. ఆనాడు ఆ సభలో చాలామంది, కొద్ది ఏళ్ల క్రితం వరకు తమను జైళ్లలో పెట్టిన పాలనా యంత్రాంగంలో భాగమైన అధికారులకు రాజ్యాంగ రక్షణ ఎందుకు ఇవ్వాలని అడుగుతున్నారు. వారి కోపంలో న్యాయం ఉంది. అయినా, స్వయంగా జైలుకు వెళ్లివచ్చిన మనిషి, ఎదురు చెప్పగల అధికారి లేకుండా దేశాన్ని నడపలేమని నిలబడి వాదించాడు. అధికారంలో ఉన్నవాడే తనకు ఎదురు చెప్పేవాడి కోసం వాదించడం రాజకీయాల్లో అరుదు.

ఈ ఏర్పాటు రాక ముందు ఏముండేదో మరిచిపోయినవారు దాని విలువ కట్టలేరు. ఇంగ్లండులో పంతొమ్మిదో శతాబ్దం నడుమ వరకు ప్రభుత్వోద్యోగాలు పెద్దల దయాదాక్షిణ్యాల మీద దొరికేవి. స్టాఫర్డ్ నార్త్‌కోట్, చార్లెస్ ట్రెవిలియన్ కలిసి రాసి 1854లో పార్లమెంటు ముందు పెట్టిన నివేదిక నిండా ఇరవై పేజీలు దాటదు. వేరే వృత్తుల్లో నెగ్గుకురాలేనివారికీ, బద్ధకస్తులకూ ఈ కొలువులు ఆశ్రయంగా మారాయని అది నిర్మొహమాటంగా చెప్పింది. బహిరంగ పోటీ పరీక్ష పెట్టాలని, పదోన్నతి ప్రతిభను బట్టి ఇవ్వాలని కోరింది. మరుసటి ఏడే నియామకాల కోసం కమిషన్ ఏర్పడింది గానీ, బహిరంగ పోటీ చాలా శాఖలకు వర్తించడానికి 1870 దాకా ఆగవలసి వచ్చింది. నియామకం ద్వారా తమ వారికి మేలు చేసే అధికారాన్ని ఎవరూ తేలికగా వదులుకోరు.

అమెరికాలో ఆ అధికారాన్ని వదిలించడానికి ఒక ప్రాణం పోవలసి వచ్చింది. అక్కడ అధ్యక్షుడు మారితే తపాలా గుమస్తా దాకా మారేవారు. ఉద్యోగం నిలవాలంటే జీతంలో కొంత పార్టీకి చందాగా కట్టాలి. 1881 జూలైలో, పదవి దక్కలేదన్న కక్షతో ఒక వ్యక్తి అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిపాడు. ఆయన సెప్టెంబరులో కన్నుమూశారు. తరువాత అధ్యక్షుడైన చెస్టర్ ఆర్థర్, పార్టీ పదవుల పంపకంలోనే ఎదిగినవాడు. ఉద్యోగాలను పోటీ పరీక్షల ద్వారా ప్రతిభను బట్టి ఇవ్వాలన్న పెండిల్టన్ చట్టం మీద 1883 జనవరిలో ఆయనే సంతకం చేశాడు. మొదట ఆ చట్టం సమాఖ్య ఉద్యోగాల్లో సుమారు పదో వంతుకే వర్తించింది. మిగిలినవాటికి విస్తరించడానికి దశాబ్దాలు పట్టాయి. కొనుక్కున్న సరుకులా ఇది ఒక్క రోజులో చేతికి రాలేదు.

సేవ బాగా పనిచేసినప్పుడు ఏం దక్కుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఫ్రాన్సెస్ కెల్సీ పేరే చెబుతాను. ఔషధ శాస్త్రంలో డాక్టరేటు, ఆపైన వైద్య పట్టా ఉన్న ఆమె 1960లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థలో చేరారు. చేరిన తొలి వారాల్లోనే ఆమె బల్ల మీదకు థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర దరఖాస్తు వచ్చింది. అప్పటికే ఎన్నో దేశాల్లో అమ్ముడుపోతున్న మందు కనుక అది సులభమైన ఫైలని, కొత్తగా వచ్చినవారికి సరిపోతుందని అనుకున్నారు. ఆనాటి నిబంధన ప్రకారం అరవై రోజుల్లో సంస్థ అభ్యంతరం చెప్పకపోతే మందుకు అనుమతి దానంతటదే వచ్చేస్తుంది. అంటే ఊరుకుంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. ఆమె ఊరుకోలేదు. ఇచ్చిన ఆధారాలు చాలవని, మరిన్ని పరీక్షల వివరాలు కావాలని అరవై రోజుల గడువు ముగిసే ప్రతిసారీ రాస్తూ పోయారు. ఆ మందు వాడినవారిలో నరాల నొప్పులు కనిపిస్తున్నాయన్న ఒక ఉత్తరాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో చదివి, నరాలకు హాని చేసేది గర్భస్థ శిశువును ఏం చేస్తుందో చెప్పమని అడిగారు. కంపెనీ ప్రతినిధులు ఆమెకూ, ఆమె పై అధికారులకూ పదే పదే ఫోన్లు చేశారు, స్వయంగా వచ్చి ఒత్తిడి తెచ్చారు, అనవసరంగా మొండికేస్తున్నారని ఫిర్యాదు చేశారు.

1961 చివరికి ఆ మందు సంగతి బయటపడింది. దానిని అమ్మిన దేశాల్లో కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడని పిల్లలు వేల సంఖ్యలో పుట్టారు. అమెరికాలో ప్రయోగం పేరుతో పంచిన మాత్రల వల్ల కొద్దిమంది పిల్లలు దెబ్బతిన్నా, మందు అంగడికి మాత్రం చేరలేదు. 1962 ఆగస్టులో అధ్యక్షుడు కెనెడీ ఆమెకు ప్రభుత్వోద్యోగికిచ్చే అత్యున్నత పురస్కారం ఇచ్చారు. అదే అక్టోబరులో మందు సురక్షితమనే కాక, పనిచేస్తుందని కూడా కంపెనీయే రుజువు చేయాలన్న చట్టం వచ్చింది. నాకు ఈ కథలో పురస్కారం కన్నా ముఖ్యంగా కనిపించేది, ఆమె పై అధికారులు ఆమెను ఆ సీటు నుంచి కదిలించకపోవడం. ఒక ఉద్యోగి నిజం రాయాలంటే ఆమెకు విద్య కావాలి, ధైర్యం కావాలి; ఆ రెండింటితో పాటు, నిజం రాసిన మర్నాడు బదిలీ ఉత్తర్వు రాదన్న భరోసా కూడా కావాలి. మొదటి రెండూ మనిషి తెచ్చుకోవలసినవి. మూడోది వ్యవస్థ ఇవ్వవలసినది.

మరొక ఉదాహరణ భారతదేశపు తొలి సార్వత్రిక ఎన్నికలు. సుకుమార్ సేన్ అనే ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు ఇండియన్ సివిల్ సర్వీసు) అధికారి తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా, 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు, దాదాపు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లతో ఎన్నికలు జరిపించారు. వారిలో అత్యధికులకు చదవడం రాదు కాబట్టి పార్టీలకు గుర్తులు, ఒక్కో అభ్యర్థికి విడివిడిగా పెట్టెలు ఏర్పాటు చేశారు. ఆ ఎన్నికల్లో కష్టమైన నోట్ ఒకటుంది. చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడక ఫలానావారి భార్య అనో, ఫలానావారి తల్లి అనో రాయించుకున్నారు. సొంత పేరు లేని ఓటరును నమోదు చేయబోమని సేన్ పట్టుబట్టారు. సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి పోయాయి. ఓట్లు కోల్పోయే రాజకీయ పక్షాలకు అది రుచించే నిర్ణయం కాదు, ఓటు కోల్పోయిన ఆ స్త్రీలకు జరిగిన నష్టమూ చిన్నది కాదు. అయినా ఓటు మనిషికి గానీ బంధుత్వానికి కాదన్న నియమాన్ని మొదటి ఎన్నికలోనే నిలబెట్టినందువల్ల తరువాతి జాబితాల్లో స్త్రీలు తమ పేర్లతో చేరారు. ఈ నిర్ణయం పూర్తిగా సరైనదేనని నేను చెప్పలేను, గడువు ఇంకా పొడిగించి ఇంటింటికీ వెళ్లి ఉండవలసిందని అనిపిస్తుంది. కానీ దాని వెనక పార్టీ లెక్క ఉందని మాత్రం నాకు అనిపించదు. 1953లో సూడాన్ తొలి ఎన్నికలను నడిపించే బాధ్యత కూడా అదే అధికారికి అప్పగించారు.

ఇప్పుడు సేవ విఫలమైన చోటు. ఆస్ట్రేలియాలో సంక్షేమ చెల్లింపులు ఎక్కువగా పుచ్చుకున్నారంటూ లక్షల మందికి యంత్రం నోటీసులు పంపిన పథకం ఒకటి నడిచింది; జనం దానిని రోబోడెట్ అన్నారు. మనిషి ఏడాది మొత్తం ఆదాయాన్ని పన్ను శాఖ లెక్కల నుంచి తీసుకుని, దానిని రెండేసి వారాలకు సమానంగా పంచి, ఆ సగటు ఆధారంగా బాకీ తేల్చేవారు. ఏడాదిలో ఆరు నెలలే పని దొరికినవారికి ఈ లెక్క మొదటి నుంచీ తప్పే. బాకీ లేదని రుజువు చేసుకోవలసిన భారం కూడా వారి మీదే పడింది. పథకం మొదలు కాకముందే, 2014 చివరలో, సంబంధిత శాఖలోని న్యాయ సలహాదారులు ఇది చట్టానికి సరిపోదని రాసి ఇచ్చారు. అయితే 2015లో మంత్రివర్గం ముందుకు వెళ్లిన ప్రతిపాదనలో చట్ట సవరణ అక్కర్లేదని ఉంది. రాసిన నోట్ ఒకచోట ఉంది, నిర్ణయం తీసుకున్న చేతులు మరొకచోట ఉన్నాయి, ఈ రెండింటి నడుమ ఉన్న మెట్ల మీద నిజం ఎక్కడో జారిపోయింది.

ముందు వరుసలో పనిచేసే ఉద్యోగులు కొందరు లెక్క తప్పని చెబుతూనే ఉన్నారు. 2019 నవంబరులో కోర్టు ముందు ఒక కేసులో ప్రభుత్వమే ఆ బాకీ చెల్లదని ఒప్పుకోవలసి వచ్చింది. 2020 మే నెలలో సుమారు 4 లక్షల 70 వేల బాకీలకు సంబంధించి 72 కోట్ల 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు తిరిగి ఇస్తామని ప్రకటించారు. 2023 జూలైలో వెలువడిన రాయల్ కమిషన్ (ఉన్నతస్థాయి విచారణ సంఘం) నివేదిక ఆ పథకం న్యాయమైనదీ కాదు, చట్టబద్ధమైనదీ కాదని తేల్చి, 57 సిఫారసులు చేసింది. బాకీ నోటీసులు అందుకుని ప్రాణాలు తీసుకున్న యువకుల తల్లులు ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. ఆ దేశంలో ప్రతిభ ఆధారంగా నియామకాలు ఉన్నాయి, నిష్పక్షపాతం గురించి చట్టంలో చక్కటి వాక్యాలు కూడా ఉన్నాయి. లేనిది పై స్థాయి అధికారుల్లో, మంత్రికి రుచించని మాటను పైకి మోసుకెళ్లే అలవాటు. అందుకే ఏ దేశం తన సేవను సమీక్షించుకున్నా చట్టం దగ్గర ఆగిపోకుండా ఆ మెట్ల దాకా వెళ్లాలని నేను పట్టుబడతాను.

ఈ సేవ మీద జనానికి ఉన్న ఫిర్యాదులను నేను తేలికగా తీసుకోను. జాప్యం ఉంది. నిబంధనను కవచంగా పట్టుకుని మనిషి బాధను చూడని గుణం ఉంది. ఉద్యోగ భద్రత నిజం రాసేవాడికి ఎంత ఉపయోగపడుతుందో, పని ఎగ్గొట్టేవాడికీ అంతే ఉపయోగపడుతోంది; క్రమశిక్షణ విచారణలు ఏళ్ల తరబడి సాగి, చివరికి పదవీ విరమణ దగ్గర ముగుస్తాయి. ప్రవేశ పరీక్ష జ్ఞాపకశక్తిని కొలిచినంత బాగా వివేచనను కొలవదు. నిష్పక్షపాతం పేరుతో ఏ విషయం మీదా అభిప్రాయమే లేకుండా ఉండడాన్ని కొందరు గొప్పగా భావిస్తారు, అది నాకు అన్నింటికన్నా పెద్ద లోపంగా కనిపిస్తుంది. పార్టీల మధ్య తటస్థంగా ఉండమన్నారు గానీ, నిజానికీ అబద్ధానికీ మధ్య, చట్టానికీ అతిక్రమణకూ మధ్య తటస్థంగా ఉండమని ఎవరూ చెప్పలేదు.

దీనికి అవతలి అంచు కూడా ఉంది. పైన చెప్పిన ట్రెవిలియనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, కలకత్తాలోని భారత ప్రభుత్వం తెచ్చిన ఆదాయపు పన్ను ప్రతిపాదనలను గట్టిగా వ్యతిరేకించాడు. వ్యతిరేకించినంతవరకు బాగానే ఉంది. తన అభ్యంతర పత్రాన్ని బహిరంగంగా ప్రచురింపజేసినందుకు 1860లో అతణ్ని వెనక్కి పిలిపించారు. ఎదురు చెప్పవలసిన చోటు ఫైలు. దానిని పత్రికలకెక్కిస్తే సలహాదారు ప్రత్యర్థి అవుతాడు. చట్టవిరుద్ధమైన పనిని బయటపెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం సంగతి వేరు, అప్పుడు ఆ ఉద్యోగికి రక్షణ ఉండాలి.

పునరుద్ధరణ అనగానే సాధారణంగా మన ముందుకు వచ్చేవి కొత్త యాప్, కొత్త శిక్షణ కార్యక్రమం, కొత్త కన్సల్టెంట్. మొదటి రెండింటిలో మేలు ఉంది. మూడోదానితో నాకు పేచీ ఉంది. శాఖలో నేర్పు ఉన్నవారిని పెంచుకోకుండా ప్రతి పనినీ బయటివారికి అప్పగిస్తే, కొన్నేళ్లకు ఆ శాఖకు బయటివారి పని మంచిదో చెడ్డదో చెప్పగల శక్తి కూడా పోతుంది. పైగా బయటివారికి ఇతర ఖాతాదారులు ఉంటారు. పన్ను ఎగవేతను అరికట్టే చట్టం తయారీలో ప్రభుత్వానికి రహస్యంగా సలహా ఇచ్చిన ఒక పెద్ద సంస్థ భాగస్వామి, ఆ రహస్యాలను తన సంస్థలోని వారితో పంచుకున్న వైనం 2023లో ఆస్ట్రేలియాను కుదిపివేసింది. శాశ్వత ఉద్యోగికి ఒకే ఖాతాదారు ఉంటారు.

అసలు మరమ్మతు జరగవలసిన చోట్లు నాకు తెలిసి కొద్దివే, కానీ అన్నీ కష్టమైనవి. బ్రిటన్‌లో నార్త్‌కోట్, ట్రెవిలియన్ కోరిన సూత్రాలు నూట యాభై ఏళ్లకు పైగా కార్యనిర్వాహక ఉత్తర్వుల మీదే నడిచి, 2010లో గానీ చట్టంలోకి రాలేదు. చిత్తశుద్ధి, నిజాయితీ, వస్తునిష్ఠ, నిష్పక్షపాతం అని నాలుగు విలువలను ఆ చట్టం పేర్కొంది. న్యూజిలాండ్ 2020 చట్టం రాజకీయ తటస్థత, ప్రతిభ ఆధారిత నియామకం వంటి వాటితో పాటు, మంత్రులకు స్వేచ్ఛగా, సూటిగా సలహా ఇవ్వడాన్ని కూడా ప్రభుత్వ సేవ పాటించవలసిన సూత్రంగా రాసింది. రేపటి ప్రభుత్వాల కోసం శాఖ శక్తిని కాపాడి అప్పగించే బాధ్యతనూ చేర్చింది. ఈ చివరిది నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. భారత సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న, పదవీ విరమణ చేసిన ఉన్నతాధికారులు వేసిన కేసులో, నోటిమాట ఆదేశాలను రాతలో నమోదు చేయాలని, ఒక పోస్టులో కనీస కాలపరిమితి ఉండాలని, బదిలీలను చూడడానికి సివిల్ సర్వీసుల బోర్డులు పెట్టాలని చెప్పింది. ముగ్గురు అధికారులు మారితే మూడుసార్లు మొదటి నుంచి మొదలయ్యే ఫైలు ఎంత దూరం పోతుందో ఊహించుకుంటే, కాలపరిమితి విలువ ఇట్టే తెలుస్తుంది. నోటిమాట గురించి చెప్పినది ఇంకా లోతైనది. ఫోనులో వచ్చిన ఆదేశానికి జాడ ఉండదు; జాడ లేనిదానికి బాధ్యులూ ఉండరు. ఈ రోజుల్లో ఆ నోటిమాట మెసేజ్ యాప్‌లలోకి చేరి, కొన్ని గంటలకు దానంతటదే చెరిగిపోతోంది కూడా.

ఈ పోరాటం గతకాలానిది మాత్రమే అనుకోకూడదు. అమెరికాలో విధానాలను ప్రభావితం చేసే కొలువులను తొలగింపు రక్షణలు తక్కువగా ఉండే వేరే తరగతిలోకి మార్చే ఉత్తర్వు 2020 అక్టోబరులో వచ్చింది, 2021 జనవరిలో రద్దయింది, 2025 జనవరిలో మళ్లీ వచ్చింది. ఎన్నికైన ప్రభుత్వానికి తన విధానాలు అమలు చేయించుకునే హక్కు ఉందన్న వాదనను నేను గౌరవిస్తాను. అడ్డం పడే అధికారిని పక్కకు తప్పించే మార్గం తప్పక ఉండాలి. కానీ కారణం రాయకుండా, విచారణ లేకుండా తొలగించగల సీటులో కూర్చున్నవాడు ఇది చట్టానికి సరిపోదని ఎంతకాలం రాస్తాడు? మొదటిసారి రాస్తాడు. రెండోసారి ఆలోచిస్తాడు. మూడోసారి తన అభిప్రాయమే లేకుండా ఫైలును పైకి పంపుతాడు.

ఇక యంత్రాలు చేసే నిర్ణయాల సంగతి. అర్హులెవరో, బాకీదారులెవరో కంప్యూటరు తేల్చే రోజుల్లో నోట్‌ఫైల్ ఎక్కడుంటుంది? లెక్క కట్టే సూత్రాన్ని ఎవరు ఆమోదించారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఆ అభ్యంతరానికి జవాబు ఏమిటి అన్నది ఒక మనిషి సంతకంతో రాసి ఉండాలి. ఆ సూత్రాన్ని చదివి అర్థం చేసుకోగల గణాంక నిపుణులు, ఇంజనీర్లు శాఖలోనే జీతం తీసుకుంటూ ఉండాలి. ఇరవై ఏళ్ల వయసులో ఒకే పరీక్ష రాసినవారికే తలుపు తెరిచి, నలభై ఏళ్ల వయసున్న అనుభవజ్ఞురాలికి మూసివేసే నియామక పద్ధతి ఇందుకు చాలదు. మధ్యలో తీసుకోవడాన్ని కూడా అదే స్వతంత్ర కమిషన్, అదే బహిరంగ పోటీ ద్వారా చేయాలి. లేకపోతే ముందు తలుపు నుంచి వెళ్లగొట్టిన సిఫారసు వెనక తలుపు నుంచి వస్తుంది.

నక్షత్రాలు ఇవ్వమంటే, ఈ సేవ రూపకల్పనకు నేను ఐదుకు ఐదూ ఇస్తాను. మనుషులు తమను తాము పాలించుకోవడానికి కనిపెట్టిన ఏర్పాట్లలో ఇంతకన్నా తెలివైనవి కొద్దిగానే ఉన్నాయి. నిర్వహణకు రెండు కన్నా ఎక్కువ ఇవ్వలేను. ఎవరికి పనికొస్తుందని అడిగితే, పలుకుబడి ఉన్నవారికి దీని అవసరం అంతగా ఉండదు, వారి పని ఎలాగూ అవుతుంది. పలుకుబడి లేనివారికి, ఓడిన పార్టీకి ఓటు వేసినవారికి, చేతిలో అర్జీ తప్ప మరేమీ లేనివారికి ఇది తప్ప వేరే దారి లేదు.

అమ్మ పింఛను ఆ నోట్ వెళ్లిన నాలుగో వారంలో మొదలైంది. వడ్డీ కోసం అప్పీలు వేయడానికి ఫైలు నకలు కావాలని సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకున్నాను. ఆ అధికారిణి రాసిన నోట్ ఆరు పంక్తులే. మొదటి మూడింటిలో పేరులో తప్పు, జతచేసిన ఆధారాలు, వర్తించే నిబంధన ఉన్నాయి. నాలుగో పంక్తిలో, ఇందులో అర్జీదారు లోపమేదీ లేదని, జాప్యం ఈ కార్యాలయం వల్లనే జరిగిందని ఆమె తన కార్యాలయం మీద తానే రాశారు. దాని కింద పై అధికారి చూశాను అని రాసి సంతకం చేశారు. నా అప్పీలుకు ఆధారం ఆ పంక్తే. ఇంకా నిర్ణయం రాలేదు.